పంచాయతీ అభ్యర్థులపై విమర్శ: మతం ప్రస్తావన ఎంతవరకు?

గౌరవనీయులైన సంపాదకులకు,

నమస్కారం. ఒడిశాలో 2022 ఫిబ్రవరిలో ఎన్నికైన పంచాయతీల ఐదేళ్ళ గడువు 2027 తొలి నెలల్లో ముగుస్తుంది. ఎవరు నిలబడతారు, ఏ స్థానానికి ఏ రిజర్వేషను వస్తుంది అన్న చర్చ మా గజపతి జిల్లాలో అప్పుడే ఊపందుకుంది. పర్లాకిమిడిలోనూ కాశీనగర్‌లోనూ ఈ చర్చలో చాలా భాగం తెలుగులోనే సాగుతుంది. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చే మీ పత్రిక జిల్లా పేజీలో ఏం రాశారో చూసుకుని సాగుతుంది. అందుకే ఈ ఉత్తరం మీకు రాస్తున్నాను. ఒక అభ్యర్థి పేరు వినపడగానే ఆయన ఇంతకుముందు ఊరికి ఏం చేశాడని అడగడానికి బదులు ఆయన గుడికి వెళ్తాడా, చర్చికి వెళ్తాడా, మసీదుకు వెళ్తాడా అని అడుగుతున్నారు. ఆ ప్రశ్నకు దొరికిన జవాబే విమర్శగా చలామణీ అవుతోంది. ఇంకోవైపు, నిజంగా ప్రజలకు లెక్క చెప్పాల్సిన అభ్యర్థి తన మతాన్ని అడ్డుపెట్టుకుని తప్పించుకుంటున్నాడు. ఈ రెండింటివల్లా నష్టపోయేది ఓటరే. వీటిలో ఒకదాన్ని మాత్రమే తప్పుపట్టి రెండోదాన్ని చూసీచూడనట్టు వదిలేస్తే న్యాయం కాదని నా అభిప్రాయం.

మా జిల్లా సంగతి ముందు కొంత చెప్పాలి. 1992 అక్టోబరు 2న గంజాం నుంచి విడివడి ఏర్పడిన ఈ జిల్లాలో, 2011 జనాభా లెక్కల ప్రకారం, మూడో వంతుకు మించి క్రైస్తవులున్నారు. మహేంద్రగిరి మీదికి శివరాత్రినాడు ఆంధ్ర నుంచీ ఒడిశా నుంచీ భక్తులు ఎక్కి వస్తారు. మోహన బ్లాకులోని చంద్రగిరిలో 1960లలో వచ్చి స్థిరపడిన టిబెట్ శరణార్థుల కుటుంబాలున్నాయి. అక్కడి జీరంగో బౌద్ధ విహారాన్ని 2010లో దలైలామా ప్రారంభించారు. సవర గిరిజనుల ఇళ్ళలో అన్న ప్రార్థనకు వెళ్ళడం, తమ్ముడు పెద్దలనాటి పూజలు చేసుకోవడం మాకు వింత కాదు. ఇలాంటి చోట మతాన్ని అభ్యర్థికి కొలతగా పెట్టుకుంటే, ఎవరో ఒకరికి పరాయివాడు కాని మనిషి ఒక్కడూ మిగలడు. మాకు ఉత్తరాన సరిహద్దుగా ఉన్న కంధమాల్ జిల్లాలో 2008 నాటి మతహింసలో ఏం జరిగిందో, ఎన్ని కుటుంబాలు ఇళ్ళు వదిలి సహాయ శిబిరాలకు చేరాయో ఇక్కడి పెద్దలెవరూ మరిచిపోలేదు. అందువల్ల ఇది మర్యాదకు సంబంధించిన చిన్న విషయమని నేను అనుకోలేకపోతున్నాను.

పంచాయతీ ఎన్నికల్లో ఈ ధోరణి మరీ ఎక్కువగా కనిపించడానికి ఒక కారణం ఆ ఎన్నిక జరిగే తీరులోనే ఉంది. ఒడిశాలో జిల్లా పరిషత్ సభ్యుల ఎన్నిక పార్టీ గుర్తుల మీద జరుగుతుంది గాని, వార్డు మెంబరు, సర్పంచి, బ్లాకు స్థాయి పంచాయతీ సమితి సభ్యుడు పార్టీ గుర్తు లేకుండానే పోటీ చేస్తారు. వెనక పార్టీలుంటాయని అందరికీ తెలిసినా, ఫలానా పార్టీ విధానం మంచిదా చెడ్డదా అని బాహాటంగా వాదించుకునే వీలు అక్కడ లేదు కనుక విమర్శించడానికి మిగిలేది మనిషి ఒక్కడే. ఆ మనిషి పని గురించి మాట్లాడాలంటే ఊరి ఓటర్లు కూర్చునే పల్లిసభకు వెళ్ళాలి, కాగితాలు అడగాలి, బి.డి.ఒ. ఆఫీసు చుట్టూ తిరగాలి. మతం గురించి మాట్లాడాలంటే ఆ శ్రమ ఏదీ అక్కర్లేదు. పేరు వింటే చాలు, ఒక్కోసారి ఫొటో చూస్తే చాలు.

ఈ ఫొటోల బాధ అందరికన్నా ఎక్కువగా పడుతున్నది మహిళా అభ్యర్థులు. ఒడిశాలో స్థానిక సంస్థల స్థానాల్లో సగం మహిళలకు కేటాయించారు. వారిని విమర్శించేవాళ్ళు ముందుగా నుదుటి వైపు చూస్తున్నారు. బొట్టు లేకపోతే మతం మారిందంటారు, బొట్టు ఉంటే ఎన్నికల కోసం పెట్టుకుందంటారు. పుట్టింటివాళ్ళది ఏ మతం, అత్తింటివాళ్ళది ఏ మతం, పిల్లలకు ఏం పేర్లు పెట్టుకుంది అన్నవన్నీ వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతాయి. ఆమెకు స్వయం సహాయక సంఘంలో లెక్కలు రాసిన అనుభవం ఉందా, ఇప్పటికే పదవిలో ఉంటే సమావేశాల్లో తానే మాట్లాడిందా లేక ఆమె కుర్చీలో భర్త కూర్చున్నాడా అన్న ప్రశ్నలు గట్టిగా అడగాల్సినవి. వాటిని అడిగేవాళ్ళు మాత్రం తక్కువ. ఒక ఆడమనిషి నుదురు చూసి ఆమె పంచాయతీ నడపగలదో లేదో తేల్చే హక్కు ఎవరికీ లేదు. ఈ మాటను మెత్తగా చెప్పడం నాకు ఇష్టం లేదు.

ఇక చట్టం సంగతి. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 123(3) సెక్షను ప్రకారం మతం, జాతి, కులం, భాష పేరిట ఓటు వేయమని గాని వేయవద్దని గాని అభ్యర్థి అడగడం అక్రమం. రుజువైతే ఎన్నికే రద్దు కావచ్చు. 2017 జనవరి 2న అభిరామ్ సింగ్ కేసులో ఏడుగురు న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం, నలుగురు ఒకవైపు ముగ్గురు ఒకవైపు నిలిచి, ఆ నిషేధం అభ్యర్థి మతానికే కాక ఓటరు మతానికీ వర్తిస్తుందని తీర్పు చెప్పింది. విభేదించిన ముగ్గురు, ఒక వర్గం ఎదుర్కొన్న అన్యాయం గురించి ఎన్నికల్లో మాట్లాడే అవకాశం దీనివల్ల పోకూడదని ఆందోళన చెందారు. ఆ ఆందోళన సరైనదేనని నేననుకుంటాను, ఎందుకంటే కొండమీది ఒక గూడేనికి అక్కడివాళ్ళ మతం చూసే రోడ్డు వేయలేదని ఆధారాలతో చెప్పడం వేరు, మన మతంవాడికి ఓటెయ్యండి అనడం వేరు. అదే చట్టంలోని 123(4) సెక్షను, అభ్యర్థి వ్యక్తిగత శీలం గురించి అబద్ధమని తెలిసి గాని, నిజమని తానే నమ్మకుండా గాని ప్రచారం చేయడాన్ని కూడా అక్రమాల్లోనే చేర్చింది. ఈ చట్టం పార్లమెంటు, శాసనసభ ఎన్నికలకు సంబంధించినది. పంచాయతీలకూ పురపాలక సంఘాలకూ రాష్ట్రం చేసిన చట్టాలు, రాజ్యాంగం 243-కె అధికరణం కింద ఏర్పడిన రాష్ట్ర ఎన్నికల సంఘం నిబంధనలు ఉన్నాయి. అయితే దేశంలో ఎన్నికల ప్రవర్తనా నియమావళి ఎప్పటినుంచో చెబుతున్నది ఏమిటంటే, ప్రత్యర్థిపై విమర్శ విధానాలకూ, కార్యక్రమాలకూ, గతంలో చేసిన పనికీ పరిమితం కావాలి, ప్రజాజీవితంతో సంబంధం లేని సొంత బతుకు జోలికి పోకూడదు, నిర్ధారణ కాని ఆరోపణలు చేయకూడదు, గుళ్ళనూ మసీదులనూ చర్చీలనూ ప్రచార వేదికలుగా వాడకూడదు. ఇంతకన్నా సూటిగా చెప్పడం ఎవరి తరమూ కాదు.

మతం ప్రస్తావన చట్టబద్ధంగానే రావాల్సిన చోటు ఒకటుంది. గందరగోళమంతా అక్కడే ఉంది కాబట్టి దాన్ని కాస్త వివరంగా చెప్పడానికి అనుమతించండి. 1950 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తర్వు ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధ మతాలను తప్ప మరో మతాన్ని అవలంబించే వ్యక్తిని షెడ్యూల్డు కులానికి చెందినవాడిగా పరిగణించరు. సిక్కులను 1956లోనూ, బౌద్ధులను 1990లోనూ ఆ ఉత్తర్వులో చేర్చారు. కనుక ఎస్సీ స్థానంలో నిలబడిన అభ్యర్థి క్రైస్తవ మతాన్ని అవలంబిస్తున్నాడా అన్నది అర్హతకు సంబంధించిన ప్రశ్న, దాన్ని అడగడం మతద్వేషం కాదు. కాని దాన్ని అడగాల్సిన చోటు నామినేషన్లను పరిశీలించే ఎన్నికల అధికారి ముందు, ఆ తరువాత ఎన్నికల పిటిషను వినే కోర్టు ముందు. అడిగేవాడి చేతిలో ఆధారం ఉండాలి. కోలారు గోల్డ్ ఫీల్డ్స్ ఎస్సీ స్థానం నుంచి 1967లో మైసూరు శాసనసభకు ఎన్నికైన ఒక అభ్యర్థి క్రైస్తవంలోకి మారాడన్న అభ్యంతరం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. ఆయన తిరిగి హిందూ మతంలోకి వచ్చినా కులంవాళ్ళు తనను మళ్ళీ కలుపుకున్నట్టు రుజువు చేయలేకపోయాడని భావించి కోర్టు ఆ ఎన్నికను చెల్లదంది. 1972లో ఆయన అక్కడినుంచే మళ్ళీ గెలిచారు, మళ్ళీ అదే అభ్యంతరం వచ్చింది. ఈసారి సాక్ష్యాలు చూసి, కులంవాళ్ళు ఆయనను తమవాడిగా అంగీకరించారని తేల్చి, సుప్రీంకోర్టు ఎన్నికను నిలబెట్టింది. ఒకే మనిషి, ఒకే స్థానం, సాక్ష్యం మారితే తీర్పు మారింది. న్యాయమూర్తులు ఏళ్ళ తరబడి విచారించి తేల్చిన ఇలాంటి విషయాన్ని మన గ్రూపుల్లో ఒక క్రిస్మస్ ఫొటో పెట్టి ఒక్క పూటలో తేల్చేస్తున్నారు. పొరుగువాళ్ళ పండగకు వెళ్ళి కేకు తినడం మతం మారడం కాదు. మారినట్టు నిజంగా ఆధారముంటే అధికారికి ఇవ్వాలి గాని, ఊరందరి ఫోన్లకూ పంపడంలో చట్టం మీద గౌరవమేమీ కనిపించదు.

ఎస్టీ స్థానాలకు ఈ మతం నియమం అసలు లేనే లేదు. షెడ్యూల్డు తెగల ఉత్తర్వులో మతం ప్రస్తావన ఉండదు. మా జిల్లాలో ఆర్.ఉదయగిరి ప్రాంతం, గుమ్మ, రాయగడ బ్లాకులు (ఈ రాయగడ బ్లాకు వేరు, రాయగడ జిల్లా వేరు) షెడ్యూల్డు ప్రాంతంలో ఉన్నాయి, షెడ్యూల్డు ప్రాంతాల పంచాయతీల కోసం చేసిన 1996 నాటి పెసా చట్టం ప్రకారం అక్కడి పంచాయతీల అధ్యక్ష పదవులు గిరిజనులవే. చర్చికి వెళ్ళే సవర అభ్యర్థి ఎస్టీ స్థానాన్ని దొంగిలిస్తున్నాడని ఎవరైనా అంటే, ఇప్పుడున్న చట్టం ప్రకారం ఆ మాట అబద్ధం. చట్టం మారాలని వాదించేవారున్నారు. మరోపక్క మతం మారిన దళితులకు కూడా ఎస్సీ హోదా ఇవ్వాలని కోరేవారున్నారు, ఆ విషయం పరిశీలించడానికి కేంద్రం 2022లో జస్టిస్ కె.జి.బాలకృష్ణన్ కమిషన్‌ను నియమించింది. ఆ వాదనలు ఎంత గట్టిగానైనా చేసుకోవచ్చు. మారని చట్టం మారినట్టు చెప్పి ఒక వార్డు మెంబరు అభ్యర్థిని దోషిగా నిలబెట్టడం మాత్రం తగదు.

ఒడిశాలోని తెలుగువాళ్ళం ఈ విషయంలో మిగతావారికన్నా ఎక్కువ జాగ్రత్తగా ఉండాలని నేననడానికి కారణముంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రమైనప్పుడు పర్లాకిమిడి మద్రాసు రాష్ట్రం నుంచి ఇటు వచ్చింది. నాకు ఊహ తెలిసినప్పటినుంచీ ఇక్కడ తెలుగు అభ్యర్థి నిలబడితే, అతడు ఎవరి మనిషి, చుట్టాలు అవతల పాతపట్నంలో ఉన్నారటగా, మనసంతా ఆంధ్ర వైపే ఉంటుందటగా అన్న గుసగుసలు వింటూనే ఉన్నాను. సర్పంచి పదవికి పోటీ చేసేవారికి ఒడియా చదవడం, రాయడం రావాలని ఒడిశా గ్రామ పంచాయతీల చట్టం చెబుతుంది. ఆ నిబంధన ప్రకారం తెలుగు అభ్యర్థిని ఒడియా వచ్చునా అని అడిగితే అది న్యాయమైన ప్రశ్న, జవాబు చెప్పి తీరాలి. తెలుగువాడు కనుక ఊరికి నమ్మకస్తుడు కాడంటే అది అవమానం. ఈ తేడా మనకు ఎవరూ నేర్పనక్కర్లేదు. అదే తేడాను క్రైస్తవ అభ్యర్థి విషయంలో, ముస్లిం అభ్యర్థి విషయంలో మనమే చెరిపేసుకుంటే, రేపు మన మనిషిని తెలుగువాడని తోసేసినప్పుడు ఏ ముఖం పెట్టుకుని అభ్యంతరం చెబుతాం?

ఇప్పుడు రెండోవైపు. అభ్యర్థి మతాన్ని విమర్శించకూడదంటే అభ్యర్థినే విమర్శించకూడదని అర్థం తీసేవాళ్ళు తయారయ్యారు. పదిహేనో ఆర్థిక సంఘం 2021-26 కాలానికి పంచాయతీలకు సిఫార్సు చేసిన గ్రాంట్లలో 60 శాతాన్ని తాగునీరు, పారిశుద్ధ్యం కోసమే వాడాలని షరతు పెట్టింది. మిగిలిన 40 శాతం స్థానిక అవసరాలకు వదిలింది. ఈ ఒక్క లెక్క చేతిలో ఉంటే ఏ మతంవాడైన సర్పంచినైనా అడగవచ్చు. తాగునీటి సొమ్ముతో ఎన్ని బోర్లు వేయించారు, వాటిలో ఎండాకాలం నీళ్ళు ఇచ్చేవి ఎన్ని, కాలువ తవ్వకుండానే బిల్లు అయిందా, ఈ పని కావాలని పల్లిసభ ఎప్పుడు తీర్మానించింది, ఉపాధి పనుల మస్టరులో సూరత్‌కో బెంగళూరుకో వలస వెళ్ళినవాళ్ళ పేర్లు ఎలా వచ్చాయి అని నిలదీయవచ్చు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస వైపు తీరం దాటి మా కొండలను ముంచెత్తింది. రాయగడ బ్లాకులోని బరఘర దగ్గర కొండచరియ విరిగిపడి మనుషులు చనిపోయారు. అలాంటి విపత్తు తరువాత ఇళ్ళు కూలినవారి జాబితాలో ఎవరి పేరు చేరింది, ఎవరి పేరు జారిపోయింది అన్నది పదవిలో ఉన్నవారిని ఎన్నేళ్ళయినా అడగదగిన ప్రశ్న. ఇవి కఠినమైన ప్రశ్నలు. కఠినంగా ఉండడం తప్పు కాదు, అడిగేవాడు ఆధారం చూపాలి, అంతే.

ఇలాంటి ప్రశ్న వచ్చినప్పుడు ఒకాయన గుడి మండపానికి ఎంత చందా ఇచ్చాడో చెబుతాడు, మరొకాయన తాను మైనారిటీ కాబట్టే వేధిస్తున్నారంటాడు. మొదటిది జవాబే కాదు. రెండోది ఒక్కోసారి నిజమే కావచ్చు, కాబట్టి దాన్ని కొట్టిపారేయకూడదు. అది నిజమో కాదో తెలుసుకునే దారి ఉంది. అదే లెక్కను పక్క పంచాయతీలో వేరే మతానికి చెందిన సర్పంచిని కూడా అడిగారా, అదే తప్పును తమ మతంవాడు చేసినప్పుడు కూడా ఇంత పెద్ద గొంతుతోనే మాట్లాడారా అని చూడాలి. అలా చేయకపోతే అడిగినవారి ఉద్దేశాన్ని శంకించాల్సిందే. అయినా సరే, బోరు డబ్బు ఎక్కడికి పోయిందో ఆ సర్పంచి చెప్పాల్సిందే. అడిగినవాడి మనసు మంచిది కానంత మాత్రాన అడిగిన లెక్క మాసిపోదు.

మతంతో ముడిపడిన పనులన్నీ విమర్శకు అందనివని కూడా నేననడం లేదు. ఒక సర్పంచి శ్మశానానికి స్థలం చూపేటప్పుడు ఒక మతంవాళ్ళకు దారి కూడా లేకుండా చేస్తే, పంచాయతీ డబ్బును తన ప్రార్థనా మందిరానికి గోడ కట్టడానికి మళ్ళిస్తే, పాస్టరు చేత గాని పూజారి చేత గాని తనకే ఓటెయ్యాలని చెప్పిస్తే, ఓటర్ల చేత ప్రసాదం మీదో బైబిలు మీదో ఒట్టు పెట్టిస్తే, ఇంకో మతంవాళ్ళను ఊళ్ళోంచి వెళ్ళగొట్టాలని వేదిక మీద మాట్లాడితే, అవి ఆయన చేసిన పనులు, ఆయన అన్న మాటలు. వాటిని తేదీతో, చోటుతో, అన్నది అన్నట్టుగా రాసి విమర్శించాలి. బలవంతంగా మతం మార్పించాడన్న ఆరోపణ కూడా అలాంటిదే. ఒడిశాలో 1967 నుంచే దానికి చట్టం ఉంది, ఫిర్యాదు చేసే దారి ఉంది. ఫిర్యాదు లేకుండా, బాధితుడు లేకుండా, ఎన్నికల ముందు మాత్రమే వినపడే ఆరోపణకు పత్రికలో చోటు ఉండకూడదు.

సంపాదకులకు నా విన్నపం ఇది. రిజర్వేషను అర్హత వివాదమో, మతంతో ముడిపడిన పనో వార్త కానప్పుడు అభ్యర్థి పేరు పక్కన మతాన్ని రాయవద్దు. ఫలానా పంచాయతీలో ఫలానా మతస్థుల ఓట్లు ఇన్ని, అవి ఫలానావారికే పడతాయి అన్న లెక్కలు విశ్లేషణ పేరుతో వేయవద్దు. ఓటర్ల జాబితాలో మతం గడి ఉండదు కనుక ఆ లెక్కలకు ఆధారమేమిటో చదివేవాళ్ళకు తెలియదు. ఒకరి మీద ఆరోపణ వేసినప్పుడు చేసినవారి పేరుతో వేయండి, అభ్యర్థి జవాబును అదే రోజు, అదే పేజీలో వేయండి. స్థానిక వర్గాల భోగట్టా అన్న మాట చాటున ఒకరి మతం మీద అనుమానం ప్రచురించడం ఇప్పటికే చాలాసార్లు చూశాం, ఇక ఆపండి.

దానికి బదులు, అభ్యర్థులు నామినేషనుతో పాటు ఇచ్చే అఫిడవిట్లలోని కేసులు, ఆస్తులు, చదువు వివరాలను పంచాయతీలవారీగా వేయండి. ఏ పంచాయతీకి ఎంత సొమ్ము వచ్చి ఎంత ఖర్చయిందో ఈ-గ్రామ్ స్వరాజ్ పోర్టల్‌లో ఎవరైనా చూడవచ్చు. పల్లిసభ, గ్రామసభ తీర్మానాలు ఒడియాలో ఉంటాయి కనుక మీ విలేకరులకు చదవడం కష్టం కావచ్చు. నాకు ఒడియా చదవడం వచ్చు, మా ఊళ్ళో వచ్చినవాళ్ళు ఇంకా చాలామంది ఉన్నారు. మీ జిల్లా విలేకరి కాగితాలు తెస్తే పర్లాకిమిడిలో కూర్చుని తెలుగు చేసిపెట్టడానికి మేము సిద్ధంగా ఉన్నాం. నామినేషన్లు మొదలయ్యేలోగా కాశీనగర్, గుమ్మ బ్లాకుల పంచాయతీలతోనైనా ప్రారంభించమని కోరుతున్నాను.

ఇట్లు,
మీ పాఠకుడు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా